గొలుసు వేశాక చూసిన కుక్క

పిచ్చి పట్టిందని అనుమానం వచ్చిన కుక్కను పది రోజులు కట్టేసి చూడాలి. పదో రోజు సాయంత్రానికి అది బతికి ఉండి, తింటూ తాగుతూ ఉంటే, అది కరిచిన మనిషికి ప్రమాదం లేదు. ఈలోపు చచ్చిపోతే ప్రమాదమే. మా వృత్తిలో ఇంతకంటే సులువైన నియమం లేదు. చేయవలసిందల్లా కాచుకొని కూర్చోవడం. ఆ కూర్చోవడం నాకు చేతకాలేదు.

మా తమ్ముడి కొడుకు ఈ ఏడు పశువైద్యం చదువులో చేరాడు. మొన్న మా ఊరు మంసాపురం వచ్చినప్పుడు తన పుస్తకాలు తెచ్చి చూపించాడు. ఏ జీవాన్ని ఎలా పరీక్ష చేయాలో వాటిలో చక్కగా ఉంది. పరీక్షకు వచ్చాక ఆ జీవానికి ఏమవుతుందో, పరీక్ష చేసేవాడికి ఏమవుతుందో మాత్రం ఎక్కడా లేదు. వాడి కోసం, వాడిలాంటి పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, ఏ ఊరికి బదిలీ అయ్యాను అన్నవి రాయను. వాటివల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు.

ముందే ఒక మాట చెప్పాలి. నేను పుట్టు భయస్తుణ్ణి. గొళ్ళెం వేశానో లేదో అని మంచం మీంచి రెండుసార్లు లేచి చూసే రకం. భయస్తుడు జాగ్రత్తగా ఉంటాడు కాబట్టి మంచి వైద్యుడవుతాడని లోకం అనుకుంటుంది. సగం నిజం. భయస్తుడికి ఏదో ఒకటి తేలిపోవాలి. తేలేదాకా ఆగలేడు.

సత్రపట్టి ఎద్దు

తమిళదేశంలో మా తెలుగువాళ్ళు ఉండే రాజపాళయం పశువుల ఆస్పత్రిలో చేరిన మొదటి ఏడే ఒక ఎద్దు నాకు పాఠం చెప్పింది. నేను నేర్చుకోలేదు, అది వేరే సంగతి.

సత్రపట్టి రైతు ఒకాయన ఎద్దును తోలుకొచ్చాడు. కాడి కిందకు పోగానే కూర్చుండిపోతుందట. నాలుక చూశాను, గిట్టలు చూశాను, జ్వరం చూశాను. ఏమీ లేదు. ఏమీ లేదని చెప్పడానికి సిగ్గేసి అజీర్ణమని రాసి పొడి ఇచ్చాను. వారానికి మళ్ళీ వచ్చాడు. ఇంకో పొడి ఇచ్చాను. మూడోసారి వచ్చినప్పుడు ఆ రైతు తలపాగా తీసి చంకన పెట్టుకొని నెమ్మదిగా అడిగాడు.

"అయ్యా, మీరు ఈ ఎద్దును మాత్రం చూస్తా ఉండారు. దీని జోడును చూసినారా?"

జోడెద్దు కొత్తగా కొన్నది, జానెడు ఎత్తు ఎక్కువ. కాడి వాలిపోయి బరువంతా మా రోగి మెడమీద పడుతోంది. అది ఆ రైతుకు ముందే తెలుసు. డాక్టరు చెప్పనీ అని ఊరుకున్నాడు. అక్కడున్న నలుగురూ నవ్వారు, నేనూ నవ్వాను.

పరీక్షకు వచ్చే జీవం ఒంటరిగా వస్తుంది. దాని జోడు, కాడి, కొట్టం, యజమాని కోపం, అన్నీ వెనకే ఉండిపోతాయి. మన బల్ల ముందు నిలబడేది ఆ ఎద్దులో ఒక ముక్క. మనం దాన్నే ఎద్దు అనుకుంటాం.

పెద్దాయన

మా జిల్లా అధికారిని అందరం పెద్దాయన అనేవాళ్ళం. మంచి వైద్యుడు. కొమ్ము విరిగిన గేదెను చేత్తో నిమిరి నిలబెట్టగలిగినవాడు. ఆయనకు ఒక సిద్ధాంతం ఉండేది: చూసింది రాయండి, విన్నది రాయకండి. పశువు అబద్ధం చెప్పదు, పశువుగలవాడు చెబుతాడు అనేవాడు. అందులో నిజం లేకపోలేదు. గాలికుంటు వచ్చిన మందను సంతకు తోలుకుపోతూ "కొంచం నడక బడలిక" అని నా మొహం మీదే చెప్పిన పెద్దమనుషులు ఉన్నారు.

పిచ్చి కుక్కల కోసం ఆయన ఒక ఫారం తయారు చేశాడు. రెచ్చగొట్టకుండా కరిచిందా? పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందా? స్వభావం మారిందా? గొంతు మారిందా? తిండి మానిందా? చొంగ కారుతోందా? ఒక్కొక్క ప్రశ్న ఎదుట ఒక్కొక్క గడి. అవునంటే గీత పెట్టాలి. ఫారం మంచిదే. నాలాంటి భయస్తుడికి మరీ మంచిది. చేతిలో అది ఉంటే ధైర్యంగా ఉండేది.

కాటు

యుద్ధం నడుస్తున్న రోజులు. బస్సులు పెట్రోలు లేక బొగ్గు గాలితో, ఎక్కడ ఆగితే అక్కడే ఆగిపోతూ నడిచేవి. ఒక సోమవారం ఉదయం పుదుపాళెం నుంచి వెంకటాద్రి రాజా అనే ఆసామి తన కుక్కను బండిలో కట్టించి తెచ్చాడు. వాళ్ళింటి కుక్కలంటే చుట్టుపక్కల పేరు. పాలలాంటి తెలుపు, గులాబి ముక్కు, సన్నని నడుము. ఆ ఇళ్ళలో కుక్కపిల్లను అమ్మరు. పెళ్ళికో, పొత్తుకో, వియ్యపువారికి ఇస్తారు. పిల్లను ఇచ్చిన ఇల్లు, పుచ్చుకున్న ఇల్లు అని ఆ కుక్కల వంశం చెప్పుకుంటారు.

కుక్క పేరు ముత్తు. రెండేళ్ళది. కళ్ళు మరీ తేటగా, గాజు గోళీల్లా ఉన్నాయి. తెల్లవారు జామున కొట్టంలో పేడ ఎత్తే మనిషిని కరిచిందట.

"నాయకరే, మా ఇంటి కుక్కకు పిచ్చి అనేది ఎప్పుడూ లేదు" అన్నాడు రాజా, నన్ను కులం పేరుతో పిలిచి. "మా తాత కాలం నుంచి ఈ వంశము ఉండాది. ఊరు ఏమేమో మాట్లాడుతుంది అని దాన్ తెచ్చినాను." మా వైపు తెలుగులో దాన్ అంటే మాత్రమే, అందుకే అని నొక్కి చెప్పడం.

నేను నాలుగడుగుల దూరాన నిలబడి "ముత్తూ" అని పిలిచాను. తిరగలేదు. గట్టిగా పిలిచాను. తిరగలేదు. రాజాను పిలవమన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి పిలిచాడు. కుక్క గోడవైపే చూస్తోంది.

"కట్టేసినారు గదా. దానికి రోషం ఎక్కువ" అన్నాడాయన నేల చూస్తూ.

పేరుకు పలకదు అన్న గడిలో గీత పెట్టాను.

గంటసేపటికి కాటు పడిన మనిషి వచ్చింది. తళవాయిపురం నుంచి వచ్చి పుదుపాళెంలో కాపురం ఉంటున్న గురువమ్మ. వెంట మొగుడు రామసామి. మాదీ, వాళ్ళదీ ఒకే కులం, దూరపు చుట్టరికం కూడా ఉంది, అందుకే నన్ను అన్నా అనేది. ఐదో నెల కడుపు.

"నొప్పి అంత లేదన్నా. పసుపు పెట్టినాను. ఈయన దాన్ వినకుండా పిలుచుకొని వచ్చినాడు."

"ఎక్కడ కరిచింది? ఎంత లోతు? బట్టమీద నుంచా, ఒట్టి చర్మం మీదా?"

"పిక్కమీద. రెండు పండ్లు దిగినాయి."

"కుక్కను కొట్టినావా? తోక తొక్కినావా?"

"లేదన్నా, నేను ఏమీ చెయ్యలేదు. గంప ఎత్తుకొని పోతా ఉంటిని..."

రెచ్చగొట్టకుండా కరిచింది. నాకు కావలసింది దొరికింది. ఆ గడిలో గీత పెట్టి, కార్బాలిక్ సీసా కోసం లోపలికి పోయాను. పశువుల డాక్టరు మనిషికి వైద్యం చేయకూడదు, కానీ ఆ పుండు కడగడం వరకు మేమే చేసేవాళ్ళం. మండుతుంటే పళ్ళ బిగువున ఓర్చుకుంది.

పెద్దాస్పత్రికి చీటీ రాయాలి. అక్కడి డాక్టరు కుక్కను చూడడు, నా చీటీని చూస్తాడు. కాటు చిన్నది, కుక్క మామూలుగా ఉంది, రెచ్చగొడితే కరిచింది అని రాస్తే, పది రోజులు ఆగి చూద్దాం అంటాడు. రెచ్చగొట్టకుండా కరిచింది, పేరుకు పలకడం లేదు అని రాస్తే సూదులు మొదలుపెడతాడు. పొట్టమీద, రోజుకు ఒకటి, పద్నాలుగు రోజులు. ఆ మందు గొర్రె మెదడుతో తయారయ్యేది. ఎక్కడో అరుదుగా, ఆ మందు వల్లనే మనిషికి కాళ్ళు పడిపోవడం ఉందని మాకు తెలుసు.

"కడుపులో బిడ్డకు ఊసి తగలదా అన్నా?" అని అడిగింది గురువమ్మ.

"తగలదమ్మా. సూది చర్మం కింద మాత్రమే" అన్నాను.

"మీరు చెప్తే పోతాను."

నేను పొమ్మన్నాను. ఇప్పటికీ తప్పుబట్టుకునే మాటలు రెండో మూడో ఉన్నాయి నాకు. ఇది మొదటిది.

గొలుసు

ముత్తును ఆస్పత్రి వెనక ఇనుప కడ్డీల గదిలో గొలుసు వేసి కట్టాము. పుట్టాక దాని మెడకు గొలుసు పడటం అదే మొదలు. ఆ జాతి కుక్క ఒక్క ఇంటికి, ఇంట్లో ఒక్కరిద్దరికి అలవాటు పడుతుంది. పరాయివాడు పెట్టింది ముట్టదు. నేను ఆ ఊరి పక్కనే పుట్టి పెరిగినవాణ్ణి, ఈ సంగతి నాకు పాలు తాగే రోజుల నుంచి తెలుసు. అయినా మంగళవారం అన్నం ముట్టకపోతే తిండి మానింది అని గీత పెట్టాను.

బుధవారం గొలుసు కొరికి పన్ను విరిగింది. నోటి నుంచి చొంగ. గీత. గురువారం గొంతు రాసుకుపోయి అరుపు బొంగురుపోయింది. గీత. అటెండరు వెనకనుంచి నీళ్ళ గిన్నె పెట్టబోతే ఉలిక్కిపడి ఎగిరి చెయ్యి పట్టబోయింది. స్వభావం మారింది. గీత.

అది మారిన మాట నిజమే. నేను కట్టేశాను, మారింది. కట్టేసి, మార్చి, మారిందని రాసుకున్నాను. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అన్నారు పెద్దలు. నాది ఇంకా ఘనం. నేను లోకానికే పచ్చరంగు పూసి, పచ్చగా ఉందని సంతకం పెట్టాను.

ఆ రోజుల్లో నాకు అన్నం సహించలేదు. ప్రతి ఉదయమూ పెద్దాస్పత్రికి పోయే బస్సు మా వీధిలోంచే పోయేది. గురువమ్మ కిటికీ పక్కన కూర్చొని, పొట్ట చేత్తో పట్టుకొని ఉండేది. నన్ను చూసి తల ఊపేది. కుక్క ఎలా ఉందని ఆ తల ఊపులో అడుగుతున్నట్టు నాకు అనిపించేది. నేను చెయ్యి ఎత్తేవాణ్ణి. అది సమాధానం కాదు.

గురువారం మధ్యాహ్నం రాజా తల్లి అలమేలమ్మ గారు బండి కట్టించుకొని వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి. చేతిలో గిన్నె, గిన్నెలో పెరుగన్నం.

"దానిని ఒక తూరి చూసి పోతాను నాయనా. నేను పెడితే తింటుంది."

"ఎవరినీ దగ్గరికి పోనీయకూడదమ్మా. నియమం."

"అయితే నన్ను ఆ తలుపు దగ్గర నిలబడనీ. నేను వచ్చినాననేది దానికి తెలియాల."

"ఇక్కడి నుంచే పిలవండమ్మా, వినిపిస్తుంది" అన్నాను.

ఆవిడ నా మొహం చూసింది. పిలవలేదు. గిన్నె నా బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ చూపు ఏమిటో అడగాలని కూడా నాకు తోచలేదు. ఆవిడ మాట నేను విన్నది, నేను చూసింది కాదు. నా ఫారంలో దానికి చోటు లేదు.

గాజు సీసా

శుక్రవారం పెద్దాయన తనిఖీకి వచ్చాడు. ఫారం తీసి చూశాడు. ఆరు గీతలు. కడ్డీల ముందు నిలబడి కుక్కను చూశాడు. అది మూలకు ముడుచుకొని పళ్ళు చూపింది.

నిజం చెప్పాలంటే ఆయన నన్ను తొందరపెట్టలేదు. ఏమంటావు అని నన్నే అడిగాడు. ఇంకా ఐదు రోజులు ఆగుదామని నేను అనవచ్చు. అనలేదు. ఐదు రోజులు ఆ బస్సు కిటికీకి చెయ్యి ఎత్తుతూ గడపడం నావల్ల కాదనిపించింది. మెదడు తీసి, పిచ్చి కాటు పరీక్షలు చేసే కొండమీది ల్యాబుకు పంపితే మైక్రోస్కోపు కింద పెట్టి ఏదో ఒకటి తేల్చి చెబుతారు. నాకు తేలడం కావాలి.

"పంపిద్దాం సార్" అన్నాను.

సాయంత్రం మందు ఇచ్చి చంపాము. తలకు దెబ్బ తగలకూడదు, కొట్టకూడదు, కాల్చకూడదు. మెదడు చెడిపోతే పరీక్షకు పనికిరాదు. అంతా పద్ధతి ప్రకారం చేశాను. పుర్రె తెరిచి, మెదడులో కావలసిన ముక్క తీసి, గ్లిజరిన్ పోసిన గాజు సీసాలో పెట్టి, లక్కతో మూసి, రైలుకు అందించాము. ఇంత శుభ్రంగా తీసినవాణ్ణి చూడలేదని పెద్దాయన మెచ్చుకున్నాడు. నాకు సంతోషమేసింది. దాచను.

కుక్కను చంపాలంటే పిచ్చిదని ముద్ర వేయాలి అని సామెత. మాకు దాన్ని చంపాలని లేదు. ముద్ర వేయడంలోనే మునిగిపోయి, చంపడం దాకా వచ్చామని తెలుసుకోలేదు.

తరువాతి బుధవారం జవాబు వచ్చింది. అప్పటికి గురువమ్మకు తొమ్మిది సూదులు పడ్డాయి. కాగితం విప్పాను. మైక్రోస్కోపు కింద పిచ్చి గుర్తులు కనబడలేదు అని రాశారు. హమ్మయ్య అనుకుని కింది వాక్యం చదివాను. జబ్బు పూర్తిగా ముదరకముందే కుక్కను చంపారు కాబట్టి, గుర్తులు కనబడనంత మాత్రాన జబ్బు లేదని చెప్పలేము. ఆ మెదడు రసం కుందేళ్ళకు ఎక్కించి చూస్తున్నాము, వారాలు పడుతుంది. చికిత్స ఆపవద్దు.

వేళ్ళమీద రోజులు లెక్కపెట్టాను. కుక్క బతికి ఉంటే అది పదో రోజు. ఆ సాయంత్రం అది నిలబడి ఒక్క ముద్ద తిన్నా చాలు, గురువమ్మకు సూదులు ఆగిపోయేవి. భూమ్మీద ఆ ఒక్క సాక్ష్యానికే తిరుగులేదు. దాన్ని నేను సీసాలో పెట్టి పంపాను.

పిల్లలూ, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. పరీక్ష అంటే చూడటం మాత్రమే కాదు. పరీక్షకు పెట్టగానే ఆ జీవం దాని పని మానేసి మన పని చేయడం మొదలుపెడుతుంది. అది తినడం మన కోసం, మొరగడం మన కోసం, చివరకు చావడం కూడా మన కోసం. ఇంతా చేసి మనకు దొరికేది మనం అడిగినదానికి జవాబు. దాని సంగతి దానితోనే పోతుంది.

కాలు

పన్నెండో సూది పడిన రోజు గురువమ్మ బస్సు దిగలేకపోయింది. నడుము కింద తిమ్మిరి. మర్నాటికి రెండు కాళ్ళూ కదలలేదు. పెద్దాస్పత్రిలో పడుకోబెట్టి సూదులు ఆపేశారు. అక్కడి డాక్టరు మంచివాడు, నా భయం చూసి దాచకుండా చెప్పాడు. ఇది మందు వల్ల వచ్చినదయితే మెల్లగా తగ్గుతుంది. కుక్క జబ్బే ఇలా కాళ్ళ నుంచి మొదలయి ఉంటే, చెప్పడానికి ఏమీ లేదు. రెండిట్లో ఏదో ఇప్పుడే తెలియదు.

ఈసారి ఆగక తప్పలేదు. చంపి చూడటానికి అక్కడ ఉన్నది కుక్క కాదు.

సాయంత్రం పని కాగానే పోయి ఆమె మంచం పక్కన నిలబడేవాణ్ణి. నేను ఏం చూస్తున్నానో చెబితే మీకు అసహ్యం వేస్తుంది. ఆమె నీళ్ళ చెంబు ఎత్తినప్పుడు గొంతు పట్టేస్తుందా, గాలికి ఉలిక్కిపడుతుందా అని, ఆ జబ్బు గుర్తుల కోసం చూసేవాణ్ణి. ఆరో రోజో ఏడో రోజో ఆమె చెంబు మళ్ళీ కింద పెట్టేసింది.

"అన్నా, మీరు అట్ల చూస్తా ఉంటే నాకు నీళ్ళు దిగడం లేదు" అంది.

రామసామి నన్ను భుజం పట్టుకొని బయటికి తీసుకుపోయాడు. కిటికీలోంచి చూస్తే, నేను వచ్చేశాక ఆమె చెంబెడు నీళ్ళూ గటగటా తాగింది. ఆ గోడకు ఆనుకొని ఏడ్చాను.

ఆమె చావలేదు. మూడు వారాలకు కుడికాలు కదిలింది. ఎడమకాలు సగమే తిరిగి వచ్చింది. ఏడాది చివర ఆడపిల్ల పుట్టింది, ఆరోగ్యంగా. కుందేళ్ళన్నీ బతికే ఉన్నాయని ఈలోపే ల్యాబు రాసింది. ముత్తుకు ఏ జబ్బూ లేదు.

పెద్దావిడ చెప్పినది

కుందేళ్ళ సంగతి చెప్పడానికి పుదుపాళెం పోయాను. రాజా ఇంట్లో లేడు. అలమేలమ్మ గారు వసారాలో కూర్చొని ఉంది. చెప్పాను.

"దానికి చెవుడు నాయనా" అంది. "పుట్టు చెవుడు."

ఆ తెల్ల కుక్కల్లో అప్పుడప్పుడు చెవిటి పిల్ల పుడుతుంది. పుట్టిన వారంలోనే దాన్ని లేకుండా చేయడం అక్కడి ఆనవాయితీ. ఆ ఇంటి కుక్కలకు చెవుడు ఉందని తెలిస్తే ఇచ్చిన పిల్లలన్నిటికీ మచ్చ, పుచ్చుకున్న ఇళ్ళన్నిటి చేతా మాట పడాలి. ఆవిడకు దీన్ని చంపడానికి మనసు రాలేదు. ఇంట్లో దాచి పెంచింది. నేలను మడమతో తన్నితే ఆ అదురుకు లేచేదట. ఇంట్లో ఎవరూ నేల తన్నకుండా దాని దగ్గరికి పోరు.

"ఆ పొద్దు మీరు పిలిచినప్పుడు మా వాడు చెప్పి ఉండాల. చెప్పలేదు. వంశం మాట పోతుంది అనుకున్నాడు. నేనూ గిన్నె పెట్టేసి వచ్చేసినాను గదా. నా బిడ్డను నేను కాచుకున్నాను, ఇంకొకరి బిడ్డ కాలు పోయినాది."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెత నేను రోజుకు ఒకసారైనా వాడేవాణ్ణి. చెవిటి కుక్క ముందు నిలబడి రెండుసార్లు కేక వేసిననాడు అది నాకు గుర్తుకు రాలేదు. దాని తల వెనక ఒక్కసారి చప్పట్లు కొట్టి చూస్తే తేలిపోయేది. నేను పిచ్చిని వెతుకుతున్నాను, చెవుడును కాదు. రాజా తప్పు నేను తగ్గించి చెప్పను. పరువు కోసం నోరు మూసుకున్నాడు. కానీ ఆయనను కుక్క చెవుల గురించి నేనేమీ తెలియనట్టు అడిగి ఉంటే, మొహం మీద అబద్ధం ఆడేవాడో లేదో నాకు తెలియదు. అడగలేదు కాబట్టి ఎప్పటికీ తెలియదు.

తళవాయిపురంలో

గురువమ్మ కాన్పు కోసం పుట్టింటికి పోయి అక్కడే ఉండిపోయింది. బిడ్డకు నాలుగో నెల నడుస్తుండగా బస్సెక్కి తళవాయిపురం పోయాను. జరిగినదంతా చెప్పి, కాళ్ళు పట్టుకునైనా క్షమించమని అడగాలని. బస్సులో నాలుగైదు రకాలుగా మాటలు కూర్చుకున్నాను.

ఆమె గడప దగ్గర కూర్చొని పత్తి గింజలు ఏరుతోంది. పక్కన ఊయలలో పిల్ల.

"ముత్తుకు చెవుడమ్మా" అన్నాను. కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు.

"ఆమా. తెలుసు గదా" అని తల ఊపింది, చేతిలో పని ఆపకుండా.

"నీకు తెలుసా?"

"ఆ ఇంట్లో పని చేసేటోళ్ళకు తెలియకుండా ఎట్ల ఉంటుందన్నా? రోజూ నేల తన్ని దాన్ పోతాను. ఆ పొద్దు వాన పడి పేడ అంతా బురద. ఎంత తన్నినా అదురు లేదు. నెత్తిన గంప. గంపలో నుంచి తడి గడ్డి దానిమీద పడినాది. నిద్రలో ఉండాది, బెదిరిపోయినాది."

"మరి ఆ రోజు నాకెందుకు చెప్పలేదమ్మా?"

ఆమె అప్పుడు తల ఎత్తింది. కోపం లేదు. నిజంగానే నాకు అర్థం కాలేదా అన్నట్టు చూసింది.

"చెప్తా ఉంటిని గదన్నా. మీరు లోపలికి పోయినారు. వచ్చి కాలు దాన్ చూసినారు. ఎంత లోతు, రెండు పండ్లా మూడు పండ్లా అని. పెద్దాస్పత్రిలో పొట్ట దాన్ చూసినారు. అందరికీ చదువుంది, నాకేమి తెలుసు అనుకొని ఊరుకున్నాను."

ఆమెను కూడా నేను ఆ కుక్క పక్కనే, ఆ ఫారంలోనే కట్టేశాను. ఒక పిక్క, రెండు పళ్ళ గుర్తులు, ఐదో నెల. ఆ మూడూ కలిపితే మనిషి అయిందనుకున్నాను.

"ఇంకొకటి ఉండాది" అంది గొంతు తగ్గించి. "అది నేను ఎవరికీ చెప్పలేదు. కరిచినాక వాసన చూసినాది. నేను అని తెలిసినాది దానికి. వెంటనే పండుకొని, కరిచిన చోటు నాకినాది అన్నా. రక్తం పోయేదాకా నాకినాది. నాకినాది అని చెప్తే ఇంకా ఊసి ఎక్కువ వేస్తారు అని భయపడినాను."

ఊయలలో పిల్ల కదిలి ఏడుపు అందుకుంది. గురువమ్మ గోడ పట్టుకొని లేచింది. ఎడమకాలిని చేత్తో తొడ దగ్గర పట్టుకొని ముందుకు లాక్కుంటూ నడిచింది. నేను లేవబోతే వద్దని చెయ్యి చూపింది. పిల్లను ఎత్తుకొని, ఊయల తాడుకు ఆనుకొని నిలబడి, ఇన్నాళ్ళూ ఎవరినీ అడగలేని మాట ఒకటి అడిగింది.

"పోయేటప్పుడు దానికి నొప్పి తెలిసినాదా అన్నా?"

ఐదు రోజులు దాన్ని చూడటం తప్ప వేరే పని చేయనివాణ్ణి నేను. ఏ పూట ఎంత చొంగ కారిందో చెప్పగలను. ఆ సాయంత్రం దాని పక్కనే మోకాళ్ళమీద కూర్చొని, దాని మెడ నా చేత్తోనే పట్టుకొని ఉన్నాను.

"తెలియదమ్మా" అన్నాను. "తలకు ఏమీ కాకూడదని, తలను దాన్ చూస్తా ఉంటిని."